బాబాయి పేరు మీద గది

మా బాబాయి రోజూ ఉదయం ఏడున్నరకి మా ఆఫీసు సర్వర్లోకి షికారుకొచ్చేవాడు. షికారు అని ఎందుకంటున్నానంటే, ఆయనకున్న పని రెండు నిమిషాలది. కొండమీద ఆ ఉదయం తీసిన మబ్బుల ఫోటో ఒక్కటి తన ఫోల్డర్లో పెట్టాలి. పెట్టి చక్కా వెళ్ళిపోవచ్చు కదా! వెళ్ళడు. తన ఫోల్డర్లోంచి బయటికొచ్చి, చెరువావిడ ఫోల్డర్లోకి తొంగిచూసి, రేవాయన ఫోటోలు పెద్దవి చేసి చూసి, పాత సంవత్సరాలన్నీ ఓసారి సర్ది, చివరికి నా ఫోల్డర్లో రెండు ముక్కలు రాసిపెట్టి పోయేవాడు. "చెరువావిడ కెమెరా అద్దం తుడవడం లేదు, గట్టిగా చెప్పు." "నిన్న గనుల దగ్గర మబ్బు చూశావా? అచ్చం దున్నపోతు పడుకున్నట్టే ఉంది." "పొద్దున్నే ఏమైనా తిన్నావా, లేక కోపంతోనే కడుపు నింపుకున్నావా?"

మా ఆఫీసు చేసే పని చెబితే జనం నవ్వుతారు. మేం ఆకాశాన్ని దాస్తాం. కొండ, చెరువు, రేవు, గనులు, ఇలా ఏడు చోట్ల ఏడుగురు మనుషులు రోజూ ఒకే వేళకి, ఒకే దిక్కుకి కెమెరా తిప్పి, ఒక్క ఫోటో తీస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. వానల రాకపోకలు లెక్కగట్టేవాళ్ళకి అవి కావాలి. ఎవరికీ అక్కర్లేని రోజున కూడా తీస్తారు. ఆ ఉదయాలన్నీ ఉండే యంత్రం మా ఆఫీసు చివర ఒక చిన్న చల్లటి గదిలో సన్నగా రొదపెడుతూ ఉంటుంది. దాని తాళాలు నా దగ్గరుంటాయి. అందుకే నన్ను తాళాలమ్మ అంటారు. నా ముక్కుమీద కోపం చూసి ఇంకా ఏవేవో పేర్లు పెట్టారట గానీ, అవి నా ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ సర్వర్ని నిలబెట్టింది బాబాయే. ఆ తాళాలు ముందు ఆయన దగ్గరే ఉండేవి. నాకు పనంతా నేర్పి, కుర్చీ అప్పగించి, పిన్నిని వెంటబెట్టుకుని కొండమీద కేంద్రానికి పరిశీలకుడిగా వెళ్ళిపోయాడు. "ఇన్నాళ్ళూ మబ్బుల్ని దాచాను. ఇప్పుడు తీరిగ్గా చూస్తాను" అన్నాడు.

ఆయన వెళ్ళినా ఆయన ఖాతా మాత్రం పాతదే. అన్ని తలుపులూ తీసే ఖాతా. కొన్ని ఉదయాలు నేను తెర ముందు కూర్చుని ఆయన నడకని చూసేదాన్ని. ఎప్పుడు ఏ ఫోల్డర్లోకి వెళ్ళాడో వరుసగా పడుతుంది. ఇదిగో, పదేళ్ళ కిందటి వానల్లో ఉన్నాడు. ఇదిగో, నేను బడికెళ్ళే రోజుల నాటి ఎండలోకి దిగాడు. ఇప్పుడు రేవు దగ్గర పొగమంచులో నిలబడ్డాడు. ఒక ఉదయంలోంచి ఇంకో ఉదయంలోకి అలా చెప్పుల్లేకుండా తిరుగుతుంటే, చూస్తున్న నాకు కునుకు పట్టినంత హాయిగా ఉండేది.

ఆ సర్దుడే కొంప ముంచింది.

నాలుగు నెలల కిందట ఒక ఉదయం బాబాయి చెరువావిడ ఫోల్డర్లో రెండేళ్ళ మబ్బుల్ని చెరిపేశాడు. కావాలని కాదు. రెండుసార్లు ఉన్నాయనుకున్నాడు. ఒకటి తీసేస్తున్నాననుకుని ఉన్నదొకటీ తీసేశాడు. నేను కాపీల్లోంచి దాదాపు అన్నీ వెనక్కి తెచ్చాను, పదకొండు ఉదయాలు తప్ప. ఆ పదకొండు రోజులూ కాపీ తీసే యంత్రం చెడి ఉంది. చెరువావిడ ఫోన్లో ఏడ్చేసింది. "పదకొండే కదండీ" అన్నాను. "మీకు పదకొండు, నాకు ఒక్కోటీ ఒక్కోటి" అంది. నిజమే.

ఆఫీసరు మేడమ్ మంచి మనిషి. "ఎవరు చేశారని నేనడగను. మీరూ చెప్పకండి. మళ్ళీ జరగకూడదు, అంతే" అంది. పైనున్నవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. కాగితాలు అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి ఆర్డరు దిగింది. పరిశీలకుల ఖాతాలు ఏడూ ఇకమీదట ఫైళ్ళు పంపడానికీ, తెచ్చుకోవడానికీ తప్ప ఇంక దేనికీ పనికిరాకూడదు. సర్వర్లో తిరగడం ఉండదు, ఆజ్ఞలివ్వడం ఉండదు. ఎవరి గదిలోకి వాళ్ళు రావాలి, తెచ్చింది పెట్టాలి, వెళ్ళాలి.

చేసేది నేనే. అది బాబాయికి నేనే స్వయంగా ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గేస్తే నాకది కోపంగా బయటికొస్తుంది, నా పుట్టుకే అంత. 'ఆయన ఆ వెధవ సర్దుడు సర్దకపోతే నాకీ తిప్పలుండేవా' అని రుసరుసలాడుతూ, ఏడుగురికీ ఒకే నోటీసు పంపాను. "సోమవారం నుంచి మీ ఖాతా పరిమితం చేయబడుతుంది." కన్నకూతుర్లా పెంచిన బాబాయికి నేను పంపిన ఉత్తరం అది. తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారం ఆఫీసు ఖాళీగా ఉంది. చల్లటి గదిలో శాలువా కప్పుకుని కూర్చుని ఒక్కో ఖాతా బిగించుకుంటూ వచ్చాను. ఈ బిగింపులో ఒక చిత్రముంది. మనిషి సర్వర్లోకి రాగానే అతని గదే అతనికి ప్రపంచమైపోతుంది. దానికి పైన ఏదీ ఉండదు, పక్కన ఏదీ ఉండదు. పైకి ఎక్కబోతే మళ్ళీ అక్కడే ఉంటాడు. ఆ గదిలో 'మబ్బులు' అని ఒక అర. తెచ్చింది అందులో పెట్టుకోవచ్చు. అయితే ఒక నియమం. అర అతని పేరు మీద ఉండాలి గానీ, గది అతని పేరు మీద ఉండకూడదు. గది యంత్రం యజమాని పేరు మీదే ఉండాలి, అంటే రూట్ పేరు మీద. లోపలుండే మనిషి గోడలు కదిపే వీలుంటే ఇంక తాళం ఎందుకు? ఈ ముక్క నాకు నేర్పింది బాబాయే.

చెరువావిడ గది రూట్ పేరు మీదకి మార్చాను. రేవాయనది, గనులాయనది, మిగతావాళ్ళవీ మార్చాను. ఒకటి తెరిచి చూశాను, బాగా పనిచేస్తోంది. ఏడోది బాబాయిది. ఆ సర్వర్లో అన్నిటికంటే ముందు పుట్టిన ఫోల్డరు. పక్కన ఆయన పేరు, ముప్ఫై ఒక్క ఏళ్ళ నాటి తేదీ. పేరు మార్చాను. తెరమీద ఆ పేరు పోయి రూట్ అని పడింది. చూస్తూ కూర్చోలేకపోయాను. ఇల్లు కట్టిన మనిషి పేరు గుమ్మం మీంచి చెక్కేసినట్టనిపించింది. మళ్ళీ ఆయన పేరే పెట్టేశాను. తాళమైతే పడింది కదా, ఉత్త పేరేగా, ఉంటే ఉండనీ అనుకున్నాను. నియమం తెలియక కాదు. చెయ్యి ఆడలేదు, అంతే.

సోమవారం ఆరు ఫోటోలొచ్చాయి. కొండది రాలేదు. మంగళవారమూ రాలేదు. నాకు ఒళ్ళు మండింది. 'ఓహో, అలిగాడన్నమాట! ఆర్డరు నేనిచ్చానా? అలిగితే అలగనీ, నేను మాత్రం ఫోన్ చెయ్యను' అనుకున్నాను. మా ఇంట్లో ముందుగా ఫోన్ చేసే అలవాటు ఎవరికీ లేదు. మా నాన్నా బాబాయీ ఒకసారి ఒక గొడుగు గురించి రెండేళ్ళు మాట్లాడుకోలేదు. ఆ గొడుగు ఎవరిదో తేలకముందే అది చిరిగిపోయింది. నేనూ ఆ రక్తమే. బుధవారం, గురువారం, శుక్రవారం ఫోన్ వైపు గుర్రుగా చూస్తూ గడిపాను.

శనివారం మధ్యాహ్నం ఆఫీసరు మేడమ్ ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చింది.

"కొండ కేంద్రం నుంచి ఆరు రోజులుగా ఏమీ రావడం లేదు. రూలు మీకు తెలుసు కదా. వరుసగా ఏడు ఉదయాలు రాకపోతే కేంద్రం ఎత్తేసినట్టే. రేపటితో ఏడు."

"మనిషి ఉన్నాడు కదా మేడమ్, అక్కడ."

"ఉన్నారా? ఉంటే ఎందుకు పంపడం లేదు? ఆయన వయసుకి ఇంక చాలనుకుంటున్నారేమో. అదే అయితే మర్యాదగా సాగనంపుదాం. మీ బాబాయి కాబట్టి ముందు మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ కొండ, ఆ కెమెరా లేకపోతే బాబాయి ఏం చేస్తాడు? పొద్దున్నే లేచి ఎటు చూస్తాడు? అప్పుడు, ఆరు రోజుల తర్వాత అప్పుడు, చెయ్యాల్సిన మొదటి పని చేశాను. సర్వరు చిట్టా తెరిచాను. ఎవరు ఎప్పుడు తలుపు తట్టారో, ఏం జరిగిందో అందులో రాసి ఉంటుంది.

సోమవారం ఏడున్నరకి బాబాయి వచ్చాడు. తాళంచెవి సరిపోయింది. తలుపు తెరుచుకుంది, మరుక్షణం మూసుకుంది. కారణం పక్కనే ఉంది: గది యజమాని పేరు తప్పుగా ఉంది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ మూసుకుంది. ఆ ఒక్క ఉదయమే పంతొమ్మిది సార్లు తట్టాడు. మంగళవారం పదకొండు సార్లు. బుధవారం ఆరు. గురువారం నుంచి రోజుకి ఒక్కసారి, సరిగ్గా ఏడున్నరకి. ఒక్కసారి తట్టి, వెళ్ళిపోయాడు.

ఆ కారణం నాకు మాత్రమే కనపడుతుంది. బయట నిలబడ్డవాడికి కనపడేది 'సంబంధం తెగిపోయింది' అనే ఒక్క మాట. దేవుడా, అలిగాడనుకున్నానే! ఆయన తన పేరున్న గది బయటే నిలబడి ఆరు రోజులుగా తడుతుంటే, నేనిక్కడ మూతి బిగించుకుని కూర్చున్నాను. నేను గౌరవించాననుకున్న ఆ పేరే ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

అక్కడే కూర్చుని ఒక్క లైను కొడితే సరిచెయ్యొచ్చు. వేళ్ళు మీటల మీదకి వెళ్ళాయి కూడా. కానీ మళ్ళీ ఆయనకి చెప్పకుండానేనా? ఒకసారి చెప్పకుండా చేసినందుకే కదా ఇంత! ల్యాప్‌టాప్ సంచిలో పడేసుకుని బస్సెక్కాను.

బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. కలలో ఒక పొడుగాటి వరండా, ఏడు గదులు. ఏ గదికీ పైకప్పు లేదు, ఒక్కో గది మీద ఒక్కో రకం ఆకాశం. ఒకదాంట్లో వాన, ఒకదాంట్లో తెల్లటి ఎండ. ఏడో గది బయట బాబాయి చేతిలో ఒక మబ్బుముక్క పట్టుకుని నిలబడ్డాడు. అది వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది. "తొందరగా తియ్యవే, ఇది ఎంతోసేపు ఉండదు" అంటున్నాడు. నేను తాళాల గుత్తిలో వెతుకుతున్నాను, ఎన్ని తీసినా ఇంకా తాళాలే. కండక్టరు భుజం తట్టి లేపేసరికి బస్సు కొండకింద ఆగి ఉంది. కళ్ళు తుడుచుకుని దిగాను.

నడిచి పైకి వెళ్ళేసరికి సాయంత్రమైంది. పిన్ని గుమ్మంలోనే కావలించుకుంది. "చిక్కిపోయావే" అంది. పిన్ని ఎప్పుడూ అదే అంటుంది. నేను చిక్కిన రోజు ఒక్కటీ లేదు. బాబాయి కుర్చీలోంచి లేవలేదు. "వచ్చావా? కాళ్ళు కడుక్కుని ఏదైనా తిను. మాటలు రేపు" అన్నాడు. రేపే, అనుకున్నాను.

తెల్లవారేసరికి మబ్బు ఇంట్లోకే వచ్చింది. కిటికీలోంచి మెల్లగా దిగి బల్ల మీద, కెమెరా మీద, పిన్ని ఆరేసిన బట్టల మీద ఆనకుండా తిరుగుతోంది. బాబాయి ఏడింటికి బయటికెళ్ళి, దిక్కు చూసుకుని, ఒక్క ఫోటో తీసుకొచ్చాడు.

"రోజూ తీస్తూనే ఉన్నావా?" అన్నాను.

"తియ్యక? మీరు మానెయ్యమన్నారని ఆకాశం మానేసిందా?"

"మేం మానెయ్యమనలేదు బాబాయ్."

"తలుపేస్తే మానెయ్యమనే కదమ్మా అర్థం. సరేలే, తప్పు చేసిన చెయ్యి నాది. తీసెయ్యడం న్యాయమే. ఆ మాట నువ్వే చెప్తావేమోనని చూశాను, అంతే."

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. నోటీసు, ఆదివారం, ఆరు గదులు, ఏడో గది దగ్గర చెయ్యి ఆడకపోవడం, అలిగాడనుకోవడం, అన్నీ. బాబాయి కళ్ళజోడు తీసి నా వైపు వింతగా చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓసి పిచ్చిమొద్దూ! గది నా పేరు మీద ఉంచావా? ఎవరైనా ఉంచుతారా? నీకు నేర్పిన మొదటి పాఠం అదే కదే!"

"తెలుసు! నీ పేరు తియ్యలేకపోయాను. నువ్వు కట్టిన ఇల్లు."

ఆయన నవ్వు ఆగింది. కెమెరా పట్టీని వేలికి చుట్టుకున్నాడు.

"ఆ పదకొండు ఉదయాలు," అన్నాడు. "ఏవేవో నాకు తెలుసు. తేదీలతో సహా. రాసి పెట్టుకున్నాను. అవి ఇంక రావు కదా?"

"రావు."

"అప్పట్నుంచి నా చేతులంటే నాకే భయమమ్మా. నీకు చెప్పలేదు. షికారు మానేద్దామనుకుంటాను, వేళ్ళు వాటంతటవే తలుపులు తీసుకుంటూ పోతాయి. ఎక్కడ ఏది చెరిపేస్తానోనని ఒళ్ళంతా చెమటలు."

పిన్ని కాఫీ కప్పులు బల్లమీద పెట్టి అందుకుంది. "నాలుగు నెలలైంది, ఫోటో పంపే వేళకి నన్ను పక్కన నిలబెట్టుకుంటున్నాడు. ఆయన కొట్టిన ప్రతి అక్షరం నేను పైకి చదవాలి. చదివి 'సరే' అంటే గానీ నొక్కడు. పొయ్యిమీద పాలు పొంగిపోయినా కదలనివ్వడు. నాకేం తెలుసే ఆ రాతలు? ఊరికే 'సరే' అంటాను."

"ఊరికే అంటున్నావా?" బాబాయి ఉలిక్కిపడ్డాడు.

"మరేం చెయ్యను? నువ్వు ధైర్యంగా ఉంటావని."

ఏడుంపావు అయింది. ల్యాప్‌టాప్ తెరిచి, నా తాళంతో సర్వర్లోకి వెళ్ళాను. ఏడు గదులూ వరుసగా వచ్చాయి. ఆరింటి పక్కన రూట్, ఒకదాని పక్కన ఆయన పేరు. "నువ్వే మార్చు బాబాయ్" అని అటు తిప్పాను. వద్దంటాడనుకున్నాను. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పిన్ని అలవాటు ప్రకారం వెనక నిలబడి ఒక్కో అక్షరం చదవబోయింది. ఆయన ఒక లైను కొట్టి, నా ముఖం చూశాడు.

"సరేనా?"

"సరే. ఇది నాకు తెలిసి చెప్తున్న సరే."

నొక్కాడు. ఆయన పేరు పోయింది. పిన్ని చెయ్యి ఆయన భుజం మీదకి వచ్చింది.

తర్వాత తన పాత కంప్యూటర్లోంచి, తన ఖాతాతో, ఏడున్నరకి తలుపు తట్టాడు. తెరుచుకుంది, తెరుచుకునే ఉంది. లోపల ఒకే ఒక్క అర, 'మబ్బులు'. ఆయన కాసేపు దాన్ని చూసి, పైకి వెళ్ళబోయాడు. మళ్ళీ అక్కడే ఉన్నాడు. ఇంకోసారి పైకి ఎక్కాడు, అక్కడే. చెరువావిడ పేరు కొట్టి చూశాడు. అలాంటిది లేదంది. రేవాయన లేడు, గనులు లేవు, నేను లేను. ఆ ఉదయాలన్నిటిలోకీ ఆయన ఇంకెప్పుడూ నడవడు. నా ఫోల్డర్లో దున్నపోతు మబ్బుల సంగతి ఇంకెవరూ రాయరు.

"ఇందులో ఉన్నవి నేను చెరపొచ్చా?" అని అడిగాడు.

"నీవి చెరపొచ్చు. కాపీలు నా దగ్గరుంటాయి. ఇంకెవరివీ నీ చేతికి అందవు."

"ఎంత పొరపాటు చేసినా?"

"ఎంత చేసినా."

"నిద్రలో నడిచినా?"

"నిద్రలో నడిచినా ఇదే గదిలో ఉంటావు బాబాయ్."

ఆయన వీపు కుర్చీకి ఆనించాడు. నాలుగు నెలల నుంచి లోపల పట్టి ఉంచిన ఊపిరంతా ఒక్కసారి వదిలినట్టు వదిలాడు. తర్వాత ఆ ఉదయపు ఫోటో పంపాడు. తెల్లగా, ఏమీ కనపడకుండా, మొత్తం మబ్బే. మా ఇంట్లో తిరుగుతున్న మబ్బు అదే. రెండు నిమిషాల్లో ఆఫీసరు మేడమ్ నుంచి నా ఫోన్‌కి ఒక్క మాట వచ్చింది. "అందింది." చదివి వినిపించాను.

"ఇంకా ఆరు ఉన్నాయి," అన్నాడు బాబాయి, చేతులు మళ్ళీ మీటల మీద పెడుతూ. వెనక నిలబడ్డ పిన్ని కళ్ళజోడు సరిచేసుకుని ముందుకి వంగింది, చదవడానికి.

"నువ్వెళ్ళి కూర్చోవే," అన్నాడాయన, తల తిప్పకుండా. "బయట అరుగు మీద కూర్చుని కాఫీ తాగు. చల్లారిపోతోంది."

పిన్ని నా వంక చూసింది. నేను తలూపాను. కప్పు తీసుకుని నెమ్మదిగా బయటికెళ్ళింది. నేనూ లేచి ఆవిడ వెనకే వెళ్ళి అరుగు మీద పక్కన కూర్చున్నాను. ఎదురుగా ఏమీ కనపడటం లేదు, కొండా లేదు, దారీ లేదు. లోపల్నుంచి మీటల చప్పుడు వినిపిస్తోంది. ఎవరినీ ఏమీ అడక్కుండా, ఆగకుండా, ఒకదాని వెంట ఒకటి కొడుతున్నాడు.